మొలవని ప్లేటు

"మావయ్య కంట్లో మందు ఎవులేసినారు?"

గుమ్మంలో నిలబడే అడిగింది దీపిక. భుజాన ఉన్న సంచి దించలేదు, చెప్పులు విడవలేదు. రోజూ చీకటి పడ్డాక విజయనగరం బస్సు దిగి ఉసూరుమంటూ వచ్చే మనిషి, ఇవాళ ఎండ ఉండగానే వచ్చేసింది. అదీ కారులో.

ఉపేంద్రకి ఆ ప్రశ్న మొదట వినపడనే లేదు. భార్య వెనకాల ఆగిన కారు మీదే ఉంది అతని చూపంతా. బొబ్బిలి బజారులో తన మందుల షాపు మెట్లని ఒరుసుకుంటూ ఆగిన ఆ తెల్ల కారులోంచి డాక్టరు పృథ్వీరాజ్ దిగుతున్నాడు. దీపిక ల్యాబులో పనిచేసే కంటి ఆస్పత్రికి అతనే పెద్ద డాక్టరు. వయసు మాత్రం చిన్నదే. ఇంకా పెళ్లి కాలేదు. ఈ ఆఖరి సంగతి ఉపేంద్ర అక్కడి కాంపౌండరుకి టీ తాగించి మరీ కూపీ లాగాడు.

ముందు సీట్లో కూర్చుని వచ్చిందా, వెనక సీట్లోనా? అప్పటికి అతనికి పట్టిన బెంగ అది. ఆమె దిగేటప్పుడు చూడలేకపోయినందుకు తనని తాను తిట్టుకున్నాడు.

"నిన్నే బావా. నువ్వు గానీ అత్తయ్య గానీ చుక్కలేటైనా ఏసినారా?"

ఈసారి వినపడింది.

జవాబు వంటింట్లోంచి వచ్చింది. అతని తల్లి కమలాదేవి కొంగుకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఎవులేస్తారే? ఏయొద్దని నువ్వు హుకుం జారీ సేసినావు గదా. ఈ ఇంట్లో నీ మాట కాకుండా ఇంకోటి జరుగుతాదేటి ఇప్పుడు?" అంది.

కోడలు ఉలక్కుండా లోపలికి నడిచింది. వెనకాలే డాక్టరు. ఆ వెనకాల, సొంత ఇంట్లోకి చుట్టపు చూపుగా వచ్చినవాడిలా ఉపేంద్ర.

షాపు వెనకే ఇల్లు. నడిమింట్లో మంచం మీద అతని తండ్రి భీమశంకరరావు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనది అపరాల వ్యాపారం. ఏ బస్తా విప్పినా గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, ముఖం దగ్గరగా పెట్టుకుని ఉఫ్‌మని ఊది, ఎంత పొట్టు లేచిందో చూసి గానీ ధర చెప్పడు. అలా ఊదినప్పుడే మినప పొట్టు ఎగిరి కుడి కంట్లో పడింది. నల్లగుడ్డు మీద పుండు లేచింది. ఎడమ కన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే పోయింది. ఆయనకి మిగిలింది ఈ ఒక్క కన్నే.

పృథ్వీరాజ్ వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. ఉపేంద్ర రోజూ కూర్చునే చోటే. డాక్టరు తమ ఇంటికి వచ్చాడని తెలిసి ముసలాయన పొంగిపోయాడు. కాఫీ పెట్టమన్నాడు, ఫ్యాను తిప్పమన్నాడు, బాబుకి తలగడ వేయమన్నాడు. కొడుకు పక్కనే ఉన్నాడన్న సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు.

డాక్టరు కళ్ళద్దాలు తీసి, టార్చి వేసి చూశాడు. రెప్ప పైకెత్తి మళ్ళీ చూశాడు.

"ఎరుపు బాగా తగ్గింది. పుండు చూస్తే పెరిగింది. ఈ రెండూ ఒకేచోట ఉండకూడదు కదా, దీపికా."

దీపికా అట. గారూ లేదు, మేడమూ లేదు.

"అందుకే మిమ్మల్ని రమ్మన్నాను సార్. ఏం జరిగిందో ఇంట్లోనే తెలియాలి."

డాక్టరు ఎదట పడితే దీపిక భాషే మారిపోతుంది. ఇంట్లో 'ఏటి' అనే నోరు అక్కడ 'ఏం' అంటుంది. ఆ సంగతి కూడా ఉపేంద్ర ఎప్పుడో మనసులో రాసిపెట్టుకున్నాడు. అతని కడుపు రగలడానికి ఇంతమాత్రం చాలు.

అత్తగారికీ భర్తకీ అర్థమయ్యేటట్టు దీపిక మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. పుండు మీద గీకి తీసిన కాస్త తడినీ రెండు చోట్ల పెట్టి చూస్తారు. గాజు స్లైడు మీద పూసి, రంగులు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే ఏ జాతి క్రిమో పోలిక తెలుస్తుంది. మిగిలినది రక్తం కలిపిన ఎర్రటి జెల్లీ ప్లేటు మీద గీసి వెచ్చటి పెట్టెలో ఉంచితే, ఆ క్రిమి మొలుస్తుంది. మొలిచాక దాని మీద మందు బిళ్ళలు పరిచి, ఏ బిళ్ళ చుట్టూ చచ్చిందో చూసి, ఆ మందు కంట్లో వేస్తారు. మావయ్య స్లైడు మీద గులాబీ రంగు పుల్లల్లాంటి బ్యాక్టీరియా కనబడింది. అందుకే వెంటనే గంట గంటకీ చుక్కలు మొదలెట్టారు. ప్లేటు మీద మాత్రం ఇవాళ్టికీ ఏమీ మొలవలేదు.

"స్లైడు మీద సచ్చినవీ కనబడతాయి బావా. ప్లేటు మీద బతికున్నవే మొలుస్తాయి. అంటే మనం గీకకముందే ఎవులో ఆటి మీద మందు ఏసీసినారు. ఏ మందో తెలిస్తే గానీ ఇప్పుడు ఏటి సెయ్యాలో తెలీదు. సెప్పు."

ఆ ప్లేటు మాటెత్తితేనే ఉపేంద్రకి ఒళ్ళు మండుతుంది. దానికో కారణం ఉంది.

తండ్రిని ఆస్పత్రిలో చూపించిన రోజున గీకడం అయ్యాక దీపిక తన ల్యాబు చూపించింది. వేరెవరిదో ప్లేటు చేతికిచ్చింది. ఎర్రటి జెల్లీ మీద నెలవంకల్లా వంపు గీతలు, వరసలు వరసలుగా ఉన్నాయి. ఓ పక్కన తెల్లటి బొట్టొకటి. ఉపేంద్ర మందుల షాపు వాడు కదా, తనకీ తెలుసన్నట్టు వేలు పెట్టి చూపించి, "ఇదిగో, దొరికిపోనాది" అన్నాడు. గీత మీద మొలిస్తేనే కంట్లోది, గీత దాటి మొలిస్తే గాల్లోంచి పడిన దుమ్ము బాపతు అని దీపిక మెల్లిగా చెప్పింది. చెప్తే చెప్పింది, చెప్పి పృథ్వీరాజ్ వంక చూసి నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వులో ఏమీ లేదు. లేదని ఉపేంద్రకి తప్ప అక్కడున్న అందరికీ తెలుసు.

ఇంతకీ చుక్కలు వేసిందెవరంటే, ఇంకెవరు, ఉపేంద్రే.

ఒకప్పుడు బొబ్బిలి చుట్టుపక్కల ఎవరికి కన్ను ఎర్రబడినా అతని షాపుకే వచ్చేవారు. అతనిచ్చే చుక్కలు వేసుకుంటే తెల్లారేసరికి ఎరుపు పోయేది. దీపికకి ఆ ఉద్యోగం వచ్చాక కథ మారింది. "అమ్మగారొచ్చాక అడుగుతాంలే బాబూ" అనడం మొదలెట్టారు. పోయిన చవితికి కూర్మయ్య అనే రైతు, కొన్న సీసా మూత కూడా తీయకుండా తెచ్చి బల్ల మీద పెట్టి, అమ్మగారు ఆస్పత్రికి వెళ్ళమన్నారని చెప్పి పోయాడు. ఆ రోజు ఉపేంద్ర అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

తండ్రిని విజయనగరం తీసుకెళ్ళాల్సిన పొద్దున, దీపిక స్నానానికి వెళ్ళినప్పుడు ముసలాయన మండిపోతోందని మూలిగాడు. ఉపేంద్ర షాపులోకెళ్ళి తన చుక్కలు తెచ్చి వేశాడు. కాసేపాగి మళ్ళీ వేశాడు. బయల్దేరేముందు ఇంకోసారి. అక్కడికి చేరేలోపు కన్ను తెల్లబడాలనీ, ఆ పృథ్వీరాజ్ టార్చి వేసి చూసి, "మీ అబ్బాయి మందుతోనే తగ్గిపోయిందండీ" అనాలనీ అతని ఆశ. ఆ మాట దీపిక చెవిన పడాలి. అందుకోసమే ఇదంతా.

అలా జరగలేదు. జరగకపోయినా అతను ఆపలేదు. ఆస్పత్రి చుక్కల మధ్యమధ్యన తనవీ వేస్తూనే వచ్చాడు. "నీవి పడితే సల్లగా ఉంటాదిరా" అనేవాడు తండ్రి. ఆ ముక్క వినడం కోసం ఎన్నిసార్లయినా వేస్తాడు.

ఆ సీసాలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి క్రిమిని చంపేది, రెండోది ఎరుపు తగ్గించే స్టిరాయిడు. పుండు పడిన కంట్లో స్టిరాయిడు వేయకూడదనీ, వేస్తే క్రిమి లోపలికి పాకుతుందనీ అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. పొద్దస్తమానం పెట్టెలు అమ్మేవాడికి చిన్న అక్షరాలు చదివే తీరిక ఎక్కడిది?

ఇప్పుడు నిజం చెప్పడం అతనికి పెద్ద కష్టం కాదు. దీపిక ఒక్కతే ఉంటే చెప్పేసేవాడే. మంచం అంచున కూర్చున్న ఆ మనిషి ఎదట చెప్పాలంటే మాత్రం నాలుక తిరగడం లేదు.

పృథ్వీరాజ్ మర్యాదగానే అడిగాడు. ఎవరినీ తప్పు పట్టడానికి కాదనీ, మందు పేరు తెలిస్తే చాలనీ అన్నాడు. ఆ మర్యాదకి ఉపేంద్ర ముఖం ఇంకా మాడింది.

కమలాదేవి కొడుకు ముఖం చూసింది. తల్లి కదా, ఒక్క చూపుకే పోల్చేసింది.

"నానే ఏసినాను," అంది. "తులసాకు రసం. మా అమ్మ మాకు ఏసీది. మంట తగ్గుతాదని ఏసినాను."

దీపిక అత్తగారి వైపు తేరిపార చూసింది. "ఒక్క రసవేనా అత్తయ్యా? మరేటీ ఏయలేదా?"

"మరేటీ నేదు. నా మాట మీద నమ్మకం నేకపోతే ఆయన్నే అడుగు."

ఆయన్ని ఎవరూ అడగలేదు. ముసలాయన కూడా పెదవి విప్పలేదు.

పృథ్వీరాజ్ టార్చి జేబులో పెట్టుకుని లేచాడు. తులసి రసానికి ప్లేటు మొత్తాన్ని ఆపేంత శక్తి లేదన్నాడు. అయితే పొరపాటు ఇంట్లో జరిగింది కాదు, ల్యాబులో జరిగిందే అయి ఉండాలి.

"ప్లేట్లు ఫ్రిజ్‌లోంచి తీసి, చల్లదనం పోయాకే గీశావా దీపికా?"

ఆమె తడబడింది. ఆ రోజు బల్ల మీద పడుకున్నది సొంత మావగారు. కంగారు పడిన మాట నిజమే. "గుర్తు లేదు సార్. చల్లగా ఉన్నప్పుడే గీశానేమో."

"మరి స్లైడు?"

"రెండుసార్లు చూశాను సార్. గులాబీ పుల్లలే."

"రంగు సరిగ్గా కడగకపోతే మరకలు కూడా అలాగే కనబడతాయి. మన ఇంటి కన్ను మనమే చూస్తే ఇలాగే ఉంటుంది. ఈ శాంపిల్ ఇక నువ్వు ముట్టుకోవద్దు."

గొంతు పెంచలేదతను. పెంచి ఉంటే దీపికకి కాస్త నయంగా ఉండేది. తర్వాత ఏం చేయాలో కూడా అతనే చెప్పాడు. పొట్టు పడి వచ్చిన పుండు, ప్లేటు మీద బ్యాక్టీరియా లేదు, ఇప్పుడు వేస్తున్న చుక్కలు పనిచేయడం లేదు. కాబట్టి ఇది బూజు జాతి క్రిమి అయి ఉంటుంది. బ్యాక్టీరియా మందు ఈ పూటే ఆపేసి, బూజుకి మందు మొదలెట్టాలి.

ఉపేంద్ర గోడకి ఆనుకుని అంతా విన్నాడు. పెళ్ళాన్ని పరాయివాడు తప్పు పడుతుంటే ఏ మగాడికైనా రోషం రావాలి. లేదంటే పాపం అనైనా అనిపించాలి. అతనికి ఆ రెండూ కలగలేదు. సంతోషం వేసింది. ఒకరి మాట ఒకరికి వేదంగా ఉండే ఆ ఇద్దరి మధ్యా మొదటిసారి తేడా వచ్చింది. తను వేసిన నాలుగు చుక్కలకి అంత పని జరిగిందా అని లోలోపల మురిసిపోయాడు. ఇలాంటి బుద్ధి పుట్టినందుకు కనీసం సిగ్గు కూడా పడలేదు.

"నా తప్పే అయ్యుంటుంది సార్," అంది దీపిక తల వంచుకుని.

కూరలో ఉప్పు ఎక్కువైనా ఒప్పుకోని మనిషి. ఆ మాట ఆమె నోట వినాలని ఉపేంద్ర ఎన్నాళ్ళుగానో ఎదురు చూశాడు. ఇన్నాళ్ళకి విన్నాడు, కానీ ఆమె అన్నది తనతో కాదు. అది కూడా ఆ డాక్టరుకే దక్కింది.

పృథ్వీరాజ్ చీటీ మీద కొత్త మందు పేరు రాసి ఉపేంద్ర వైపు చాచాడు. షాపులో ఉంటుందా అని అడిగాడు.

"నా కొడుకు షాపులో నేని మందుంటాదేటి బాబూ," అన్నాడు ముసలాయన, అంతసేపటికి నోరు విప్పి.

ఉపేంద్ర చీటీ పట్టుకుని షాపులోకి వెళ్ళాడు. వెతకక్కర్లేదు, ఏ అరలో ఉందో తెలుసు. పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. లోపలికెళ్ళి ఇది ఇచ్చేస్తే అయిపోతుంది. దీపిక పొరపాటు చేసిందనే మిగులుతుంది. మావగారి కన్నే చూసుకోలేకపోయిందని బజారంతా అనుకుంటారు. ఉద్యోగం మానేస్తానన్నా అంటుంది. ఆ తెల్ల కారు మళ్ళీ ఈ మెట్ల దగ్గరికి రాదు.

దీపిక చూసిన స్లైడు నిజమని ఈ ఇంట్లో తెలిసినవాడు తనొక్కడే. తన చుక్కల దెబ్బకే ప్లేటు మొలవలేదు. ఇప్పుడు బ్యాక్టీరియా మందు ఆపేస్తే ఏమవుతుందో ఫార్మసీ చదివినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

లోపల ఏదో కింద పడి దొర్లిన చప్పుడు. స్టీలు గ్లాసు.

"ఎక్కడెట్టినావే?" తండ్రి గొంతు. "ఇక్కడే ఉండాల కదా."

పక్క బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు అది. నిన్నటి వరకూ తడుముకోకుండా అందుకునేవాడు.

ఉపేంద్ర చేతిలోని పెట్టెని అరలో పెట్టేశాడు. సొరుగు లాగి తన సీసా తీసుకున్నాడు. లోపలికెళ్ళి దీపిక చేతిలో పెట్టాడు.

"అమ్మ అబద్దమాడతన్నాది. ఏసింది నాను. ఆస్పత్రికి ఎల్లిన పొద్దున్న మొదలెట్టి, రోజూ ఏస్తన్నాను."

దీపిక సీసాని వెలుతురు వైపు తిప్పి చిన్న అక్షరాలు చదివింది. చదివి తలెత్తింది. మొగుడి వైపు కాదు, పృథ్వీరాజ్ వైపు చూసింది. నేను తప్పు చేయలేదు చూశారా అన్న చూపు అది. నిజం చెప్పిన క్షణంలో కూడా ఉపేంద్రకి ఆ చూపే ముల్లులా దిగింది.

"ఇవాళ ఏసినావా?"

"ఇందాకే. నువ్వు రాకముందు."

"నా మీద కోపం ఉంటే నా మీద సూపించాల్సింది బావా. మావయ్య కన్నేటి సేసింది?"

కమలాదేవి కొంగు నోట్లో కుక్కుకుని గోడవారకి కూలబడింది. కొడుకు మీద మాట పడకూడదనే అలా చెప్పానని గొణిగింది గానీ ఎవరూ పట్టించుకోలేదు.

పృథ్వీరాజ్ ఉపేంద్ర ముందు చెయ్యి చాచాడు. చీటీ వెనక్కి తీసుకుని చింపేశాడు. "స్లైడు విషయంలో నాది తప్పు, దీపికా," అన్నాడు. నల్లగుడ్డు పలచబడుతోందనీ, చిల్లు పడిందంటే ఇక ఎవరూ ఏమీ చేయలేరనీ, ఈ పూటే ఆస్పత్రిలో చేర్చి మళ్ళీ గీకాలనీ చెప్పాడు. తర్వాత ముసలాయన వైపు తిరిగి, మీరైనా చెప్పి ఉండాల్సింది కదండీ అని మెత్తగా అన్నాడు.

"నా కొడుకు ఏస్తంటే ఏ మందని అడుగుతానేటి బాబూ," అన్నాడు భీమశంకరరావు.

దీపిక రెండు పంచెలు, తువ్వాలు సంచిలో కుక్కింది. ఉపేంద్ర తనూ వస్తానన్నాడు. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. పంచె మడతలు సర్దుతూనే ఉంది. డాక్టరు ముందుగా వెళ్ళి కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

ముసలాయన ద్వారబంధం పట్టుకుని షాపు మెట్ల దాకా వచ్చి ఆగాడు. పట్టు కోసం చెయ్యి ముందుకు చాచాడు. ఉపేంద్ర గబుక్కున వెళ్ళి తన చెయ్యి అందించాడు. ఆయన దాన్ని గట్టిగా పట్టుకుని ఒక మెట్టు దిగాడు.

"ఎవులిది?"

"నానే నాన్నా."

ఆయన అక్కడే ఆగిపోయాడు. విదిలించలేదు, తిట్టలేదు. మెల్లిగా వేళ్ళు విడిపించుకుని, ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంచాడు.

"కోడలేదిరా? అమ్మాయిని పిలు."

దీపిక సంచి భుజాన వేసుకుని వచ్చింది. ఉపేంద్ర పక్కకి జరిగి దారిచ్చాడు.